ఆదివారం మోతాదు

ముందే చెప్పేస్తే మీకూ నాకూ సుఖం. నేను పెంచి చెబుతాను. జగ్గయ్యపేటలో నా స్టీలు సామాన్ల కొట్టుకు వచ్చేవాళ్ళందరికీ ఈ సంగతి తెలుసు. “ఈ గిన్నెలో పెళ్ళివారందరికీ పులిహోర కలపొచ్చండీ” అని నేనంటే, ఇంట్లోవాళ్ళకి సరిపోతుందన్నమాట అని అర్థం చేసుకుని కొనుక్కుపోతారు. మీరు కూడా నేను చెప్పేదాంట్లోంచి మీకు తోచినంత తరుగు తీసేసుకోండి. కోపం దగ్గర మాత్రం తీయకండి. దాన్ని నేను పెంచలేదు. అది వచ్చినప్పుడే ఆ సైజులో వచ్చింది.

యాభై దగ్గర పడేసరికి నా పొట్ట నాకంటే ముందు కొట్టు తెరవడం మొదలుపెట్టింది. కాళ్ళు మాత్రం చిన్నప్పటివే. రెండు అగ్గిపుల్లల మీద బత్తాయిపండు నిలబెట్టినట్టు ఉండేవాణ్ణి. విజయవాడలో డాక్టరుగారు నా రిపోర్టులు చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ చూసి, “సైకిలు తొక్కడం వచ్చా?” అన్నారు. వచ్చన్నాను. “అయితే ఇంటికి దాని మీదే వెళ్ళండి” అన్నారు. జగ్గయ్యపేట అక్కడికి ఎంత దూరమో ఆయనకు తెలియదనే అనుకుంటున్నాను.

సైకిలు కొన్నాను. నాతో పాటు మా బావ కూడా కొన్నాడు. బావ అంటే మా ఆవిడ తోడబుట్టినవాడు కాదు. మా వీధి చివర మసీదు పక్కిల్లు ఆయనది. ఆయన ముస్లిం, నేను కాదు. ఊహ తెలిసిన దగ్గర్నుంచీ ఒకరినొకరం బావా అనే పిలుచుకుంటాం. మా పెళ్ళయిన వారంలోనే మా ఆవిడ ఆయన్ని అన్నయ్యా అనడంతో ఆ చుట్టరికం ఖాయమైపోయింది. కుర్రతనంలో లారీ నడిపాడు. ఇప్పుడు సొంత లారీలున్నాయి, చిల్లకల్లులో హైవే పక్కన ఆఫీసు ఉంది. మనిషి పొడగరి. ఆ వీపు సంగతి వేరే చెప్పాలి. లారీ వెనక తలుపు ఊడితే దాని స్థానంలో ఆయన్ని నిలబెట్టి లోడు పంపించవచ్చు.

వెనక వచ్చే లారీ చప్పుడు విని అది లోడుతో ఉందో ఖాళీగా ఉందో చెప్పేస్తాడు. డ్రైవరు నిద్రమత్తులో ఉన్నాడో, పెళ్ళాంతో గొడవపడి బయల్దేరాడో కూడా చెబుతాడు. అందుకే మొదటి రోజే నాకు ఒక నియమం పెట్టాడు.

“హైవే ఎక్కితే నేను ముందుంటా బావా. నువ్వు నా వెనక చక్రం పట్టుకుని రా. పక్కకొచ్చి కబుర్లు పెట్టమాక.”

అలాగే వెళ్ళేవాళ్ళం. నేను వెనకనుంచే కబుర్లు పెట్టేవాణ్ణి. ఆదివారం తెల్లారుతూనే జగ్గయ్యపేటలో బయల్దేరి, చిల్లకల్లు దగ్గర హైవే ఎక్కి, నందిగామలో ఇడ్లీ తిని, మళ్ళీ వెనక్కి. మాతో బ్యాంకులో పనిచేసే ఒకాయన, మరో ముగ్గురు నలుగురు వచ్చేవారు. అందరం నలభై అయిదు దాటినవాళ్ళమే, అందరికీ ఏదో ఒక మాత్ర ఉన్నవాళ్ళమే. మాలో పెద్దాయన రిటైరైన డ్రిల్లు మాస్టారు. ఆయనకి ఇప్పటికీ మెడలో ఈల లేకపోతే నిద్ర పట్టదు.

మిగతా రోజుల్లో బావకి లోడింగు పనులు. నేనొక్కణ్ణే పెనుగంచిప్రోలు రోడ్డు మీద కాసేపు తొక్కి వచ్చేవాణ్ణి. ఈ సంగతి గుర్తుంచుకోండి. నా కథంతా ఇక్కడే పాడైంది.

ఇక పొడుల సంగతి. కొట్లో బేరాల్లేని మధ్యాహ్నాల్లో ఫోను చూస్తూ కూర్చుంటే ఒక కండలవాడు ప్రత్యక్షమై, వయసు మళ్ళినవాళ్ళు సైకిలు తొక్కేముందు బీట్‌రూట్ తీసుకుంటే నరాలు విప్పారతాయని, అదే ఊపిరితో ఎక్కువ దూరం పోవచ్చని చెప్పాడు. ఆ సాయంత్రమే రైతు బజారులో బీట్‌రూట్ అంతా నేనే తెచ్చేశాను. మిక్సీ మూత సరిగ్గా పెట్టలేదు. మా వంటగది చూసిన పాలవాడు గుమ్మంలోనే ఆగిపోయి, “అమ్మగారు క్షేమమేనా అండీ” అని నన్నే అడిగాడు.

మర్నాడు పొద్దున బాత్‌రూములో ఎర్రగా కనిపించింది చూసి, నా ఆయువు తీరిందనుకుని ఆటో ఎక్కి నందిగామ ఆసుపత్రికి పరిగెత్తాను. దారిలో కొట్టు ఎవరికి అప్పగించాలో కూడా ఆలోచించేశాను. అక్కడి డాక్టరమ్మ అంతా విని, “నిన్న బీట్‌రూట్ తిన్నారా అండీ?” అంది. తిన్నానన్నాను. “అదే వచ్చింది. వెళ్ళిరండి” అంది. నా జబ్బుల్లో ఇంత త్వరగా నయమైంది ఇంకోటి లేదు.

రసం మానేసి పొడికి మారాను. బీట్‌రూట్ పొడి వెనకాల ప్రోటీన్ పొడి వచ్చింది. దాని వెనకాల కండల్లో బలం నిలవుంచే తెల్లపొడి, నీళ్ళలో వేస్తే బుస్సుమనే ఉప్పు బిళ్ళలు, కాఫీ సారం గోళీలు, పళ్ళతో చింపి నోట్లో పిండుకునే జెల్లు వచ్చాయి. కొట్లోంచి మంచి స్టీలు డబ్బాలు తెచ్చి, వాటిలో పోసి, పచ్చళ్ళ అలమరలో పెట్టాను.

“ఆవకాయ జాడీ కిందకి దించి ఇవి పెట్టారా?” అంది మా ఆవిడ.

“ఇవి ఎండ తగలకూడదు.”

“ఆవకాయకి తగలొచ్చా? రేపట్నుంచి అన్నంలోకి ఈ పొడులే కలుపుకోండి. నెయ్యి నేను వేస్తాలే.”

ఫోనులో కండలవాడు ఇవన్నీ దూరం పోయే రోజే తీసుకోవాలన్నాడు. నేను దూరం పోయేది ఆదివారమే. కాబట్టి ఆదివారం పొద్దున నా గ్లాసు చూస్తే ఎర్రమట్టి వరద గుర్తొచ్చేది. మిగతా రోజుల్లో ఉత్త మంచినీళ్ళు.

ఫలితం చూడండి. మామూలు రోజుల్లో పెనుగంచిప్రోలు రోడ్డు మీద నన్ను గేదెలు దాటిపోయేవి. ఆదివారం మాత్రం హైవే మీద మనిషి మారిపోయేవాణ్ణి. అవే కాళ్ళు, అదే సైకిలు, మామూలు రోజుకంటే ఎంతో ఎక్కువ వేగం. ఆయాసం లేదు. నందిగామ చేరేదాకా నా నోరు మూతపడేది కాదు. పొడి తాగని రోజు నత్త, తాగిన రోజు గుర్రం. ఇంతకంటే రుజువు ఏ ప్రయోగశాలలో దొరుకుతుంది? వారాలకు వారాలు ఇదే లెక్క, ఒక్క ఆదివారం కూడా తప్పలేదు. నేను చదివింది బి.కాం. అయినా లోపల ఒక శాస్త్రవేత్త ఉండిపోయాడని నాకు నమ్మకం కుదిరింది.

రంజాన్ నెలలో కూడా బావ ఆదివారాలు మానలేదు. తెల్లవారకముందే సహరీ భోజనం తిని, నమాజు చేసుకుని వచ్చేవాడు. మళ్ళీ పొద్దుగూకేదాకా గుటకెడు నీళ్ళు కూడా తాగడు. దూరం తగ్గించి నవాబుపేట దాకా వెళ్ళి తిరిగొచ్చేవాళ్ళం. ముందు ఉపవాసం ఉన్న మనిషి, వెనక రెండు సీసాల ఉప్పు బిళ్ళల నీళ్ళతో నేను. నాకు జాలేసింది.

“బావా, ఒంట్లో ఉప్పు పడిపోద్ది. ఈ నెల్లాళ్ళు నేను ముందుంటాలే.”

“వద్దులే బావా. నువ్వు తాగతా రా.”

ఎంత మొండివాడో అనుకున్నాను. ఆ మాట మీద మా ఆవిడ దగ్గర అరగంట ప్రసంగం కూడా చేశాను. ఆవిడ బియ్యం ఏరుకుంటూ ఎందుకో నవ్వింది.

నా కీర్తి ఊరంతా పాకింది. స్టీలు గ్లాసు కొనడానికి వచ్చినవాడికి, ఆ గ్లాసులో ఏం తాగాలో కూడా చెప్పి పంపేవాణ్ణి. షుగరు ఉన్నవాళ్ళకి ఏది, మోకాళ్ళ నొప్పులకి ఏది, ఏది తాగాక ఎంతసేపటికి సైకిలు ఎక్కాలి, అన్నీ చెప్పేవాణ్ణి. నందిగామ ఇడ్లీ హోటల్లో అక్కడి సైకిలు బృందం నా చుట్టూ కుర్చీలు వేసుకుని కూర్చునేది. చట్నీ చల్లారిపోయేది. నేను మాట్లాడుతుంటే బావ పక్క బల్ల దగ్గర రెండో ప్లేటు తింటూ, “మా బావకి ఆ పొడి బాగా పట్టిందండీ. నేను కళ్ళారా చూస్తన్నాగా” అనేవాడు.

ఆ మాట ఎన్ని ఆదివారాలు అన్నాడో లెక్క లేదు. అన్నప్పుడల్లా నా ఛాతీ కొంచెం పెరిగేది.

ఆషాఢంలో నందిగామవాళ్ళు ఒక కబురు పంపారు. రెండు ఊళ్ళ మధ్య సరదా పందెం. ఊరికి ముగ్గురు. నందిగామ నుంచి చిల్లకల్లు మీదుగా గరికపాడు చెక్‌పోస్టు దాకా, పడమటి గాలికి ఎదురుగా. ఒకరు వెళ్ళిన కాసేపటికి మరొకరు, ఎవరికి వారు ఒంటరిగా తొక్కాలి. ఒకరి వెనక ఒకరు పోకూడదు. ఆ ఆఖరి నియమం ఎందుకు పెట్టారో నాకు అర్థం కాలేదు. మర్యాద కోసమేమో అనుకున్నాను. ఎక్కడైనా పెద్దవాళ్ళ వెనక నడవడం మర్యాదగాని, నడవకపోవడం మర్యాద ఏమిటని నవ్వుకున్నాను కూడా.

ముగ్గురిలో నేను ఉంటానా లేదా అన్న అనుమానం నాకు కలలో కూడా రాలేదు. నందిగామవాళ్ళ ముందు అన్ని నెలలు ఉపన్యాసాలు ఇచ్చినవాణ్ణి. చొక్కా కూడా కుట్టించుకున్నాను. వీపు మీద ఊరి పేరు, కొంచెం పెద్ద అక్షరాల్లోనే. మనుషుల్ని ఎంచుకోవడానికి చిల్లకల్లు టీ కొట్టు దగ్గర కూర్చున్న రోజున నాకు శ్రావణంలో పెళ్ళి ఉన్నవాళ్ళ సామాన్ల బేరం తగిలి వెళ్ళలేకపోయాను. నేను వెళ్ళేదేముందిలే, నా తరఫున బావ ఉన్నాడుగా అనుకున్నాను.

మర్నాడు డ్రిల్లు మాస్టారు క్యారేజీ కొనడానికి కొట్టుకొచ్చారు. మూడు గిన్నెలదా నాలుగు గిన్నెలదా అని చాలాసేపు తూచారు. మూతలు తీశారు, పెట్టారు. క్యారేజీ కొనడానికి వచ్చిన మనిషి అలా ఉండడు.

“పేర్లు ఖాయమయ్యాయా మాస్టారూ?” అన్నాను.

“అయినాయండి. మీ బావగారు, నేను, బ్యాంకాయన.”

“మరి నేను?”

“మీరు లేరండి.”

నవ్వాను. ఆయన నవ్వలేదు.

“మేమందరం మీ పేరే అనుకున్నామండి. మీ బావగారే వద్దన్నారు. ఆయన నా వెనక గాలి చాటున వస్తాడు, ఒంటరిగా ఎదురుగాలికి పంపిస్తే నవాబుపేట కూడా దాటడు అన్నారు. నేను అన్నట్టు చెప్పమాకండి.”

నా చేతిలోంచి ఇత్తడి బిందె జారిపడింది. ఆ చప్పుడుకి కోదాడలో కాకులు లేచిపోయాయి. సరే, బిందె కాదు, గరిటె. కాకుల సంగతి నేను చూడలేదు.

మాస్టారు క్యారేజీ కొనకుండానే వెళ్ళిపోయారు. నేను కొట్టు సగం షట్టరు దించి చిల్లకల్లు వెళ్ళాను. దారిలో ఆయన్ని ఏమేం అనాలో అన్నీ తయారు చేసుకున్నాను. మొదటి వాక్యం దగ్గరే ఆయన కళ్ళు దించుకోవాలి, రెండో వాక్యానికి క్షమాపణ అడగాలి. లారీ ఆఫీసులో ఆయన గళ్ళ లుంగీతో, కాళ్ళు బల్ల కింద చాపి, పుచ్చకాయ ముక్కలు తింటున్నాడు.

“దా బావా. చల్లగా ఉంది, తిను.”

“నా పేరు వద్దన్నావంట.”

ముక్క పళ్ళెంలో పెట్టేశాడు. కళ్ళు మాత్రం దించుకోలేదు.

“అన్నా.”

తయారు చేసుకున్న వాక్యాలన్నీ ఆ ఒక్క మాటతో పోయాయి. కాదంటాడనే అనుకుని వచ్చాను.

“నేను నీకంటే తక్కువ తొక్కుతున్నానా? ప్రతి ఆదివారం నీతో సమానంగా వస్తున్నానా లేదా?”

“నాతో సమానంగా కాదు బావా. నా వెనక వస్తన్నావ్. ఎదురుగాలంతా నాకు కొట్టుద్ది. నా వెనక నీకు గాలే ఉండదు. లారీ వెనకాల పడి పోయే మోటరు సైకిలోళ్ళని చూళ్ళా? అంతే. ఒక్కసారైనా నా ముందుకొచ్చి తొక్కావా?”

“రానిచ్చావా? రంజాన్‌లో నేనుంటానంటే వద్దన్నావుగా.”

“నువ్వు ముందుంటే ఆ పూట ఇఫ్తార్ కూడా రోడ్డు మీదే చేయాలిగా.”

బయట లోడు కట్టేవాళ్ళెవరో నవ్వారు. మా మాటలకో వాళ్ళ మాటలకో తెలియదు. నాకు మాత్రం చెవులు కాలాయి.

“అయితే పొడి పనిచేయదంటావు.”

“అది నేననలా. పొడి ఎంత పనిచేస్తదో నాకు తెలీదు. నా వీపు ఎంత పనిచేస్తదో తెలుసు. నువ్వు పొడి తాగేది ఆదివారం. నా ఎనక వచ్చేదీ ఆదివారమే. మిగతా రోజుల్లో అదీ లేదు, ఇదీ లేదు. ఏది దేనివల్లో నువ్వెట్టా తేల్చావ్?”

నిజం చెబుతున్నాను, ఆ క్షణం దాకా ఆ ఆలోచన నా బుర్రలోకి రాలేదు. లోపలి శాస్త్రవేత్త చెప్పులు చేతపట్టుకుని వెళ్ళిపోయాడు.

“మరి నందిగామలో అందరి ముందూ పొడి బాగా పట్టిందని ఎందుకన్నావు?”

“నువ్వు సంతోషంగా ఉన్నావ్.”

“సంతోషంగా ఉన్నానని అబద్ధం చెప్పావు. చివరికొచ్చేసరికి నిజం ఊరందరికీ చెప్పావు, నాకు తప్ప. ఇదే మాట ముందు నాతో ఒక్కడితో అనొచ్చుగా బావా.”

ఆయన పుచ్చకాయ పళ్ళెం నావైపు జరిపాడు. నేను ముట్టుకోలేదు.

“నందిగామోళ్ళ ముందు నవ్వులపాలవుతావని,” అన్నాడు. “నీకు చెబితే వింటావా? నాకూ పొడి తాగిస్తావ్.”

“ఈ ఆదివారం నేనొక్కణ్ణే నందిగామ వెళ్ళి, ఆగకుండా చిల్లకల్లు దాకా తిరిగొస్తాను. వస్తే?”

“ఎక్కడా కాలు కింద పెట్టకుండా వస్తే నా పేరు తీయించి నీ పేరు పెట్టిస్తా. నేనే మాస్టారికి చెబుతా.”

“నువ్వు ఇక్కడే ఉండు. నా దరిదాపుల్లోకి రావద్దు.”

“రాను.”

ఇంటికొచ్చి మా ఆవిడతో అంతా చెప్పాను. ఆయన నమ్మకద్రోహం చేశాడన్నాను. ఆవిడ ఆశ్చర్యపోతుందని ఎదురుచూశాను. ఆవిడ కూర తిప్పుతూ, “అన్నయ్య గాలి సంగతి ఎప్పుడో చెప్పాడుగా” అంది.

“నీకు చెప్పాడా?”

“రంజాన్ ముందే చెప్పాడు. బావకి చెప్పమాక చెల్లెమ్మా, హుషారుగా వస్తన్నాడు, మానేస్తాడేమో అన్నాడు. మీ రిపోర్టులు చూశాక నాకూ అదే భయం.”

“నువ్వు కూడా.”

“నేను కూడా. ఆ డబ్బాలు మాత్రం దించండి. ఆవకాయకి చోటు కావాలి.”

ఆ మూడు నాలుగు రోజులు గిన్నెలు అమ్ముతూ నేను ఒకటే ఆలోచించాను. ఎవరెవరికి తెలుసు? టీ కొట్టువాడికి తెలుసు, అతని ముందే మాట్లాడుకున్నారు కాబట్టి. బ్యాంకాయనకి తెలుసు. నేను వేలు చూపించి ఉపన్యాసాలు ఇస్తుంటే నందిగామ బృందం అంత శ్రద్ధగా ఎందుకు విన్నదో ఇప్పుడు అర్థమవుతోంది. ఒకరి వెనక ఒకరు పోకూడదన్న ఆ నియమం ఎవరిని చూసి పెట్టారో కూడా అర్థమవుతోంది. ఇడ్లీ బల్ల చుట్టూ వేసిన ఆ కుర్చీలు తలుచుకుంటే ఇప్పటికీ నాకు అన్నం దిగదు. ఇది పెంచలేదు.

ఆదివారం వచ్చింది. అలమరలో ఉన్నవన్నీ ఒకే గ్లాసులో కలిపాను. చెంచా నిటారుగా నిలబడింది. తాగి, ఊరి పేరున్న కొత్త చొక్కా వేసుకుని బయల్దేరాను.

నందిగామ దాకా ఎగిరిపోయాను. ముందు ఎవరూ లేరు, అయినా సైకిలు తనంతట తనే పోతోంది. గేర్లు వేయడానికి చేతులు చాలడం లేదు. చూశావా బావా, నీ వీపు లేకుండానే వచ్చాను అనుకున్నాను. పడమటి గాలి నా వెనకనుంచి తోస్తోందన్న సంగతి నందిగామలో సైకిలు వెనక్కి తిప్పేదాకా తెలియలేదు.

తిప్పగానే ఎవరో ఛాతీ మీద అరచెయ్యి పెట్టి ఆపినట్టయింది.

ఆషాఢపు పడమటి గాలి గురించి ఇక్కడివాళ్ళకి చెప్పక్కర్లేదు. పత్తి చేలన్నీ తూర్పుకి వంగి ఉన్నాయి. నా కొత్త చొక్కా గాలికి ఉబ్బి గొడుగులా తయారైంది. ఒక్క తొక్కుకి రెండు జానలు ముందుకి, జానెడు వెనక్కి. కడుపులో ఆ మిశ్రమం అంతా అటూ ఇటూ ఊగుతోంది. లారీ పక్కనుంచి పోయినప్పుడు ఒక్క క్షణం గాలి ఆగి, అది దాటగానే రెట్టింపు కొట్టేది. ఆ ఒక్క క్షణం ఎంత హాయిగా ఉండేదో తెలిసి ఇంకా మండింది. బావ చెప్పింది నిజమేనని ప్రతి లారీ సాక్ష్యం చెప్పి మరీ పోయింది.

అంబారుపేట దాటాను. నవాబుపేట కూడా దాటాను. డ్రిల్లు మాస్టారితో ఆయన అన్న మాట అక్కడితో అబద్ధమైపోయింది, ఇది మాత్రం రాసి పెట్టుకోండి. పెనుగంచిప్రోలు అడ్డరోడ్డు కనబడేసరికి కాళ్ళు బిగుసుకుపోయాయి. కాలు కింద పెట్టాను. పెట్టడమేమిటి, అదే పడింది. మొక్కజొన్న కంకులు కాలుస్తున్నావిడ లేచి వచ్చి, “ఎవరికైనా ఫోను చేయమంటారా బాబూ?” అంది.

వద్దన్నాను. బావతో వేసిన పందెం అక్కడితో అయిపోయింది. ఇక నా పేరు రాయించుకునే మాట లేదు. సైకిలు ఎక్కి, కాళ్ళు కదిలినంత మేర కదిలిస్తూ పోతున్నాను. ఎదురుగా, రోడ్డు అంచున, ఒక సైకిలు వస్తోంది. ఆ భుజాలు మైలు దూరం నుంచి కూడా గుర్తుపట్టగలను. రానని చెప్పి వచ్చాడు. ఆ మాట కూడా నిలబెట్టుకోలేదు.

ఆయన నన్ను దాటి, సైకిలు తిప్పుకుని, నా ముందుకొచ్చి నెమ్మదిగా తొక్కడం మొదలుపెట్టాడు. వెనక్కి తిరిగి చూడలేదు. ఆ వీపు నాకు ఒక బారెడు దూరంలో ఉంది.

అప్పుడు నాలో పౌరుషం పొంగింది. ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు, కాళ్ళలో కొత్త రక్తం దిగింది. పళ్ళు బిగించి, పక్కకి లాగి, ఆయన్ని దాటేశాను. “నా వెనక రా బావా, నీకు గాలి తగలకుండా చూసుకుంటా” అన్నాను. చిల్లకల్లు దాకా ముందు నేనే, వెనక ఆయన. మొత్తం ఎదురుగాలి నా ముఖానే తిన్నాను.

ఈ ఒక్క ముక్కే నేను కల్పించింది. మిగతావన్నీ పెంచినవి, ఇది పుట్టించింది. ఇంటి దగ్గరా, కొట్లో వచ్చినవాళ్ళ దగ్గరా ఇలాగే చెప్పుకుంటూ వచ్చాను. బావ కూడా విన్నాడు, కాదనలేదు.

జరిగింది ఏమిటంటే, నేను ఆయన వెనక చేరాను. ఆలోచించలేదు, కాళ్ళే తీసుకుపోయాయి. చేరగానే గాలి ఆగిపోయింది. చెవుల్లో హోరు ఆగిపోయింది. ఎప్పుడూ వెనకనుంచి నేను వాగుతూ ఉండేవాణ్ణి కాబట్టి ఇన్నాళ్ళూ వినలేదు గాని, ఆయన రొప్పుతున్నాడు. చొక్కా వీపుకి అతుక్కుపోయి ఉంది. ఆ శబ్దం వింటూ చిల్లకల్లు దాకా వెళ్ళాను. హైవే దిగే దగ్గర ఆయన లారీ ఆఫీసు వైపు తిరిగాడు, నేను ఊరి వైపు తిరిగాను.

నందిగామ పందేనికి ముందనుకున్న ఆ ముగ్గురే వెళ్ళారు. ఎవరు గెలిచారో నేను అడగలేదు. ఇప్పుడు ఆదివారాలు నేను పెనుగంచిప్రోలు రోడ్డు మీదే తొక్కుతున్నాను, ఒక్కణ్ణే, మంచినీళ్ళతో. గేదెలు ఇప్పటికీ నన్ను దాటిపోతున్నాయి. కావాలంటే ఇందులో కొంచెం తరుగు తీసుకోండి.